ఒంటరి మహిళ ధ్రువపత్రం

సూర్యకాంతం గుండెలో ఒక కవాటం పాడయిందనీ, దాన్ని మార్చకపోతే ఏడాది గడవడం కష్టమనీ కాకినాడ డాక్టర్లు చెప్పిన మూడవ రోజున, ఆమె భర్త బంగారయ్య మా అరుగు మీద కూర్చుని, ఆరోగ్య కార్డు చెల్లలేదని చెప్పాడు.

"చెల్లకపోవడమేమిటి? కార్డు తీసుకువెళ్ళడం మరిచిపోయావా?"

"తీసుకెళ్ళేనండి. కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్లో కొట్టి చూసి, మీరు పేదోళ్ళు కాదండి అంది. కావాలంటే నాలుగు లక్షల ఎనభై వేలు కట్టుకుని చేయించుకోమందండి. ఆయ్."

నేను నమ్మలేదు. బంగారయ్య ఇరవై ఏళ్ళుగా మా తోటలో చెట్లెక్కి కొబ్బరికాయలు దింపుతున్నాడు. మోకాళ్ళు అరిగిపోయినా చెట్టు వదలని మనిషి. అతడు పేదవాడు కాకపోతే ఈ మండలంలో పేదవాడెవడో నాకు తెలియదు.

ముప్పై నాలుగేళ్ళు రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసి సబ్-రిజిస్ట్రారుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. ప్రభుత్వ ఉత్తర్వును మొదటి పేరా నుంచి చివరి అనుబంధం దాకా చదివే అలవాటు నాకింకా పోలేదు. ప్రభుత్వాలు చేసిన పనుల్లో నేను మనస్ఫూర్తిగా సమర్థించినది ఈ ఆరోగ్య బీమా ఒక్కటే. ఆదాయ పరిమితి పెరిగింది, చికిత్సల జాబితా పెరిగింది, పుస్తె అమ్ముకోకుండా పేదవాడు పెద్దాసుపత్రి మెట్లెక్కగలిగాడు. దీన్ని చులకన చేసిన వారితో ముమ్మిడివరం బస్టాండులో నిలబడి సైతం వాదించాను. కనుక పొరబాటు బంగారయ్యదే అయి ఉంటుందని తీర్మానించుకుని, మర్నాడు అతణ్ణి వెంటబెట్టుకుని మా గ్రామ సచివాలయానికి వెళ్ళాను.

అక్కడి సంక్షేమ సహాయకురాలు రమ్యశ్రీ మర్యాద తెలిసిన పిల్ల. నన్ను చూసి లేచి కుర్చీ జరిపింది. కంప్యూటరులో వివరాలు తెరిచి, ఒకటికి రెండుసార్లు చూసింది.

"బాబాయిగారూ, మీ కుటుంబ ఆదాయం ఏడాదికి ఆరు లక్షల ఇరవై వేలని చూపిస్తోందండి. ఐదు దాటితే కార్డు చెల్లదండి."

బంగారయ్య వెనక్కి తిరిగి చూశాడు, తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని.

"ఎవరికండి?"

"మీకేనండి. మీ అబ్బాయి గంగబాబుగారు రెండేళ్ళ కిందట ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ వేసేరు కదండీ."

అప్పుడు అర్థమయింది. గంగబాబు మస్కట్‌లో ఒక షేకు ఇంట్లో డ్రైవరు. పంపే డబ్బు వీసా ఏజెంటు బాకీకే సరిపోతుంది. రెండేళ్ళ కిందట సెలవు మీద వచ్చినప్పుడు, పాక తీసి స్లాబు ఇల్లు వేయాలన్న కోరికతో బ్యాంకు రుణానికి తిరిగాడు. ఆదాయం బాగా ఎక్కువగా చూపించి రిటర్న్ వేస్తే రుణం ఖాయమని అమలాపురంలో ఎవరో సలహా ఇచ్చారు. గల్ఫు నుంచి వచ్చే కుర్రాళ్ళలో సగం మంది చేసే పనే అది. రిటర్న్ పడింది, పన్ను ఒక్క రూపాయి పడలేదు, రుణమూ రాలేదు. ఆ అంకె మాత్రం నిలిచిపోయింది.

"లోను రాలేదు కదమ్మా మాకు?" అన్నాడు బంగారయ్య.

"రాలేదని దీనికి తెలీదండి. ఆదాయం ఉన్నట్టు మాత్రం తెలుసండి."

"దిద్దుబాటుకు అర్జీ పెడతాను," అన్నాను.

"పెట్టండి తాతగారూ. కానీ మా చేతిలో ఉన్నది కాదండి. అంకె వేసినవాళ్ళే తీయాలి, దానికేమో గడువైపోయింది. అబ్బాయికి పెళ్ళయి ఉంటే వేరే కుటుంబంగా విడగొట్టేదాన్నండి. పెళ్ళికాని కొడుకు తల్లిదండ్రుల్లోనే ఉంటాడండి."

"అమ్మ గుండె బాగవ్వాలంటే కొడుక్కి పెళ్ళి చెయ్యాలేటండి? ఈ నెల్లో పిల్లనెవరిస్తారండీ?"

రమ్యశ్రీ నవ్వు ఆపుకుని, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఇంకో దారుందండి. పిన్నిగారు ఒంటరి మహిళ అయితే, ఆవిడొక్కరే ఒక కుటుంబం కిందికి వస్తారండి. ఆదాయం సున్నా. కార్డు వెంటనే వచ్చేస్తాదండి."

"అంటే నేను చచ్చిపోవాలాండి?"

"అయ్యో, అవేం మాటలండీ! విడిపోయినా చాలండి."

ఏడాదికి పైగా వేరుగా ఉంటున్నట్టు భార్యాభర్తలు రాసుకున్న కాగితం, దాని మీద ఇద్దరు పెద్దమనుషుల సాక్షి సంతకాలు, రెవెన్యూ వారి విచారణ, ఆ పైన ఒక ధ్రువపత్రం. కోర్టు దాకా పోనక్కరలేదట. నేను లేచి నిలబడి, ఇటువంటి సలహా మళ్ళీ ఎవరికీ ఇవ్వవద్దని ఆ పిల్లను మందలించి వచ్చేశాను.

ఇంటికి వచ్చి రెండు పుటల అర్జీ ఇంగ్లీషులో రాశాను. రిటర్నులో చూపినది సంపాదన కాదనీ, రుణం కోసం వేసిన అంకె అనీ, రోగి ప్రాణాపాయంలో ఉన్నదనీ, సంబంధిత ఉత్తర్వుల సంఖ్యలతో సహా వివరించాను. జాయింటు కలెక్టరుకు ఒక ప్రతి, బీమా అధికారులకు ఒక ప్రతి, ఫిర్యాదుల పోర్టల్‌కు ఒక ప్రతి పంపాను. ఇరవై రెండవ రోజున నా ఫోనుకు సందేశం వచ్చింది: "మీ ఫిర్యాదు సంతృప్తికరంగా పరిష్కరించబడినది." ఏ పరిష్కారమో, ఎవరి సంతృప్తో అందులో లేదు. ఆ సాయంత్రం సూర్యకాంతాన్ని చూడబోయాను. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు. మంచం మీద వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక, రెండు దిండ్లు గోడకు చేర్చుకుని కూర్చునే నిద్రపోతోంది.

మర్నాడు వారిద్దరినీ మా అరుగు మీదికి రమ్మన్నాను.

తెల్లకాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను. బంగారయ్య కింద మెట్టు మీద, సూర్యకాంతం స్తంభానికి ఆనుకుని. లోపల గుమ్మం దగ్గర నా భార్య అన్నపూర్ణ నిలబడింది.

"విడిపోవడానికి కారణం రాయాలి," అన్నాను.

"తాగుతాడని రాయండి," అంది సూర్యకాంతం.

"నేనెప్పుడు తాగేనే? చెట్టెక్కేవాడు తాగి బతుకుతాడేటి?"

"పోనీ కొడతాడని రాయండి బాబుగారూ."

"ముప్పై నాలుగేళ్ళల్లో ఒక్కసారి చెయ్యెత్తేనా?"

"ఎత్తలేదు. ఎత్తుంటే ఇప్పుడు పనికొచ్చును కదా."

అన్నపూర్ణ ఫక్కున నవ్వి, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సూర్యకాంతం కూడా నవ్వబోయి ఆయాసంతో ఆగిపోయింది. అంతసేపూ బంగారయ్య ఆమె ముఖంలోకే చూస్తున్నాడు.

"మనస్పర్థల కారణంగా" అని రాశాను. పదునాలుగు నెలలుగా వేరు వేరు నివాసాలలో ఉంటున్నామనీ, "ఇకమీదట తమ మధ్య భార్యాభర్తల సంబంధం ఏ విధమైనదీ లేదు, ఉండబోదు" అనీ ఇద్దరి తరఫునా రాసి, పైకి చదివి వినిపించాను.

"'ఉండబోదు' అని కూడా ఉండాలాండి?" అని సూర్యకాంతం అడిగింది.

"లేకపోతే పత్రానికి బలం ఉండదమ్మా."

నిజానికి ఆ మాట లేకపోయినా ఆ కాగితం చెల్లేది. బలహీనమైన పత్రం నా చేతి మీదుగా పోకూడదన్న పట్టుదల నాది. ఆ పట్టుదలను ఈనాడు నేను సమర్థించుకోలేను.

ఆమె వేలిముద్ర వేసింది. అతడు పేరు రాశాడు. మొదటి సాక్షిగా నేనూ, రెండవ సాక్షిగా రిటైర్డు పోస్టుమాస్టరు రమణబాబూ సంతకాలు చేశాము. "నువ్వే పెట్టాక నాదేముంది?" అన్నాడు రమణబాబు, కాగితం చదవకుండానే. ఆమె ఆధార్‌లో భర్త పేరు తీయించి తండ్రి పేరు వేయించాము. రెవెన్యూ విచారణకు ఆమె వేరే చోట కనబడాలి కనుక, మా దొడ్లో ఎండు కొబ్బరి కోసం కురిడీ కాయలు నిలవచేసే కొట్టు ఖాళీ చేయించి, మంచం వేయించాను. పుట్టింటివారంటూ ఆమెకు ఎవరూ మిగలలేదు.

విచారణకు ఎవరు ఎప్పుడు వస్తారో తెలియదు. అందుచేత బంగారయ్య మా గడప తొక్కకూడదని కట్టడి చేశాను. కాలువకు ఆవలి గట్టున అతని ఇల్లు, ఈవలి గట్టున మా దొడ్డి. మధ్యలో నీళ్ళు పదిగజాలు లేవు.

ఒక ఉదయం దొడ్లోకి వెళ్ళేసరికి కొట్టు పక్కనున్న కొబ్బరిచెట్టు మీద బంగారయ్య కనిపించాడు. మా చెట్లకు నలభై అయిదు రోజులకొక దింపు. ఆ చెట్టు దించి పది రోజులు కూడా కాలేదు. కాయలేమీ కోయడం లేదు. మట్ట మీద కాలు ఆనించి, కిందికి చూస్తున్నాడు. చెట్టెక్కిన దింపువాణ్ణి ఈ ఊళ్ళో ఎవరూ అనుమానించరు.

"దిగు మావా, ఆ మోకాళ్ళతో! పడ్డావంటే నిజంగానే ఒంటరి మహిళనైపోతాను," అంటోంది సూర్యకాంతం, కొట్టు గుమ్మంలో కూర్చుని, తల ఎత్తకుండా.

"మందు వేసుకున్నావా?"

"వేసుకున్నాను. నువ్వన్నం తిన్నావా?"

"తిన్నాను."

"ఏం కూర?"

బంగారయ్య పక్క మట్ట మీదికి కాలు మార్చుకున్నాడు. నేను అటు వెళ్ళకుండా వెనక్కి తిరిగి వచ్చేశాను.

రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ముప్పై ఒకటవ రోజున వచ్చాడు. కాఫీ తాగి, కొట్టు బయట నిలబడి మంచాన్నీ, మూలనున్న గిన్నెలనూ చూశాడు. "ఎన్నాళ్ళ నుంచి ఉంటోందండి ఇక్కడ?" అని నన్ను అడిగాడు.

"పదునాలుగు నెలలు," అన్నాను.

"మీరు చెప్పేక ఇంకేముందండి," అని అక్కడే సంతకం చేశాడు. నా ఉద్యోగకాలమంతటా నా మాటకు ఎంత విలువ సంపాదించుకున్నానో, అదంతా ఆ ఒక్క నిమిషంలో ఖర్చుపెట్టాను.

నలభై మూడవ రోజున కార్డు వచ్చింది. మర్నాడే కారు మాట్లాడి, ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా కాకినాడ బయలుదేరాము. వెనక సీటులో దిండ్లకు ఆనుకుని సూర్యకాంతం, ఆమె పక్కన అన్నపూర్ణ. బంగారయ్య ముందు, డ్రైవరు పక్క సీటులో నాతోపాటు ఇరుక్కుని. గంగబాబుకు సెలవు దొరకలేదు. ఫోనులో తల్లిని చూసి ఏడ్చాడు.

దారిలో నాకు ఒక సంగతి స్ఫురించి బంగారయ్యతో మెల్లగా చెప్పాను. "ఆసుపత్రిలో ఎవరడిగినా భర్తనని చెప్పకు. కాగితాల్లో లేని భర్త అక్కడ కనబడితే కార్డు ఆగిపోతుంది."

"మరేటి చెప్పనండి?"

"ఆపరేషనుకు రక్తసంబంధీకుల సంతకం అడుగుతారు. అన్ననని చెప్పు."

అతడు నా వైపు ఒకసారి చూసి, కిటికీలోంచి గోదావరి వైపు తిరిగాడు.

బీమా రోగుల కౌంటరులో ఉద్యోగి కాగితాలన్నీ చూసి, ఏ అభ్యంతరమూ చెప్పలేదు. మూడవ రోజున ఆపరేషను గదిలోకి తీసుకువెళ్ళే ముందు, చక్రాల బల్ల మీద సూర్యకాంతం పడుకుని ఉండగా ఒక నర్సు అంగీకారపత్రం తెచ్చింది.

"పేషెంటుకి మీరేమవుతారండీ?"

బంగారయ్య నా వంక చూశాడు. నేను తల ఊపాను.

"అన్ననండి."

"గట్టిగా చెప్పండి."

"అన్నని. ఈవిడికి అన్ననండి."

సూర్యకాంతం తల తిప్పి అతణ్ణి చూసింది. నర్సు రాసుకుని, ఇక్కడ సంతకం చేయండి అంది. అతడు ఒక్కొక్క అక్షరమూ వేలెడంత చేసి రాశాడు. ఈలోగా బల్లను తోసుకువెళ్ళిపోయారు.

ఆపరేషను విజయవంతమయింది. ఒక్క రూపాయి అడగలేదనీ, డాక్టర్లు శ్రద్ధగా చూశారనీ, వచ్చేటప్పుడు దారి ఖర్చులు కూడా ఇచ్చారనీ నేను స్పష్టంగా చెప్పాలి. డిశ్చార్జి రోజున లబ్ధిదారులను పథకం బ్యానరు ముందు నిలబెట్టి ఫొటో తీశారు. "మీరూ రండి, చెల్లిగారి పక్కన నిలబడండి," అని ఫొటోగ్రాఫరు బంగారయ్యను పిలిచాడు. అతడు వెళ్ళి నిలబడ్డాడు.

మా ఊరు చేరాక కారు కాలువగట్టు మీద ఆగింది. బంగారయ్య సంచీ భుజాన వేసుకుని తన ఇంటి వైపు కాలువ వంతెన మీద నాలుగు అడుగులు వేసి, వెనక్కి చూశాడు. సూర్యకాంతం మా దొడ్డి తలుపు దగ్గర నిలబడి ఉంది.

"ఇంటికి పదవే."

"ఈ కార్డు ఏడాదికోసారి తనిఖీ చేస్తారంట. రక్తం గడ్డకట్టకుండా మందేసుకుంటూ నెలనెలా రక్తం పరీక్ష చేయించుకోవాలంట. రెండో కవాటం కూడా ఎప్పుడో మార్చాల్సొస్తాదన్నారు. నువ్వూ విన్నావు కదా. కలిసున్నామని తెలిస్తే కార్డు పోద్ది."

"ఎవరికి తెలుస్తాదే? చాటుగా ఉందాం."

"మొగుడితో చాటుగా కాపరమేటి, ఈ వయసులో?"

అతడు తిరిగి వచ్చి సంచీ కింద పెట్టాడు. ఆమె గుండె మీద చేయి ఆనించుకుని, తొందరపడకుండా మాట్లాడింది.

"కార్డొకటే కాదు మావా. నేను నీ మేనమామ కూతుర్ని. పుట్టిన్నాటి నుంచి నీకు మరదల్ని. లోపలికి తీసుకెళ్తుంటే, బతుకుతానో చస్తానో తెలీనప్పుడు, నీ నోటమ్మట నేను ఆఖరికి విన్నది అన్ననని. మత్తెక్కేదాకా అదే చెవిలో ఉంది. లేచేక కూడా అదే ఉంది."

"బాబుగారే కదే చెప్పమన్నారు!"

"నిన్ను చెప్పమన్నారు. నన్ను వినొద్దని చెప్పలేదు కదా."

బంగారయ్య నా వైపు తిరిగాడు. నేనేదో అనవలసి ఉంది. ఒక పత్రాన్ని మరొక పత్రంతో రద్దు చేయవచ్చుననీ, ఆ రద్దు పత్రం రేపే రాసిపెడతాననీ అన్నాను.

"రద్దు చేస్తే కార్డు ఉంటుందాండి?" అంది సూర్యకాంతం.

"ఉండదమ్మా."

"మరింకేటండి."

ఆమె కొట్టులోకి వెళ్ళి మంచం మీద కూర్చుంది. మర్నాడు కాఫీ ఇస్తూ అన్నపూర్ణ, "అన్న అని కాక మామయ్య అనో బావ అనో చెప్పమని ఉండవలసింది. ఇంత ఇంగ్లీషు చదివారు, ఆ మాత్రం తట్టలేదా?" అంది.

బావ అంటే కౌంటరువారు సందేహిస్తారని నేను అప్పుడు అనుకున్నాను.

ఏడాది తిరిగింది. ఈ ఫిబ్రవరిలో రమ్యశ్రీ ఫోను పట్టుకుని వార్షిక తనిఖీకి మా ఇంటికి వచ్చింది. ఉత్సాహంగా ఉంది. మా సచివాలయం పరిధిలో బీమా పొందిన కుటుంబాల సంఖ్య బాగా పెరిగిందని జిల్లా సమావేశంలో మెచ్చుకున్నారట.

"ఈ ఏడు ఇరవై మూడు కొత్త కుటుంబాలండి తాతగారూ."

"ఊళ్ళోకి కొత్తగా ఎవరూ వచ్చినట్టు లేరే. ఇన్ని కుటుంబాలు ఎక్కడివమ్మా?"

ఆమె ఫోనులోకి చూసుకుంది. "ఉన్నవాళ్ళేనండి."

"అందులో సూర్యకాంతం లాంటివి ఎన్ని?"

"అన్నీ కాదండి." తెర మీద వేలు జరిపి, "తొమ్మిదండి," అంది.

ఒక ఇంటిని రెండుగా చీలిస్తే రెండు కుటుంబాలవుతాయి. పై అధికారులకు వెళ్ళే నివేదికలో బీమా విస్తరించిందనే ఉంటుంది. ఆ లెక్కలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. తనకు మంచి గుండె వచ్చిన మాట కూడా అబద్ధం కాదని సూర్యకాంతమే అంటుంది. ఇంతకాలం నేను బస్టాండులో వాదించినది ఈ లెక్కల తరఫునే. ఇప్పుడు ఆ వైపు వెళ్ళడం మానుకున్నాను.

సూర్యకాంతాన్ని పిలిచాను. చక్కగా నడిచి వచ్చింది. ముఖంలో నెత్తురుంది, పాదాలకు వాపు లేదు. రమ్యశ్రీ ఫోనులోని ప్రశ్నలు వరసగా చదివింది. అదే సమయానికి బంగారయ్య వీధి గేటు దగ్గరికి వచ్చి ఆగాడు. నెలకొకసారి ముమ్మిడివరం నుంచి ఆమెకు మందులు తెచ్చి, లోపలికి రాకుండా అక్కడే ఇచ్చి వెళతాడు.

"భర్తతో కలిసి ఉంటున్నారా?"

"లేదమ్మా."

"మళ్ళీ కలిసే ఉద్దేశం ఉందా?"

సూర్యకాంతం గేటు వైపు చూడలేదు. "లేదని పెట్టు."

వేలిముద్ర పడింది. ఫోను తెర మీద పచ్చని గుర్తు వచ్చింది. రమ్యశ్రీ నా ముందు కాగితం పెట్టింది. అలవాటు ప్రకారం మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా చదివాను. నిరుడు నేను సాక్షి సంతకం చేసిన వివరాలే అన్నీ. ఈసారి వాటిలో అసత్యమేదీ లేదు. సంతకం చేసి ఇచ్చాను.

అన్నపూర్ణ వెళ్ళి గేటు దగ్గర మందుల పొట్లం అందుకుంది.

"ఈ నెల రక్తం పరీక్షలో ఎంతొచ్చిందంటండి అమ్మగారూ?" అని బంగారయ్య అడిగాడు.

అన్నపూర్ణ వెనక్కి తిరిగింది. సూర్యకాంతం అప్పటికే కొట్టు వైపు నడుస్తోంది.

"బాగానే ఉందని చెప్పండమ్మగారూ," అంది, నడక ఆపకుండానే.